గరాజులో పండగ జతలు

నవంబరు చివరి వారం. ఆ రోజు సిటీలో మీటింగ్ రద్దయింది, మామూలుకంటే ముందే మేముండే పాయింట్ కుక్ చేరాను. ఇంటికి వెళ్ళి మళ్ళీ రావడం ఎందుకని నేరుగా మా పాప కిండర్‌కి వెళ్ళాను. బడిలో వేసే ముందు ఏడాది నాలుగేళ్ళ పిల్లలు వెళ్ళే చోటుని ఇక్కడ కిండర్ అంటారు. గేటు ఇంకా తీయలేదు. గేటు పక్క కిటికీలోంచి గది మొత్తం కనిపిస్తుంది.

పిల్లలు చాప మీద గుండ్రంగా కూర్చున్నారు. మధ్యలో అట్టముక్కలు బోర్లా పరిచి ఉన్నాయి. ఒక్కొక్కరే రెండేసి ముక్కలు తిప్పుతున్నారు. జత కుదిరితే తీసి ఒళ్ళో పెట్టుకుంటున్నారు, కుదరకపోతే మళ్ళీ బోర్లించి పక్కవాళ్ళకి వదిలేస్తున్నారు. క్రిస్మస్ చెట్టుకి నక్షత్రం జత. ఈస్టర్ గుడ్డుకి కుందేలు. ఈద్ నెలవంకకి ఖర్జూరాలు. దీపావళి ప్రమిదకి ముగ్గు. చైనావాళ్ళ కొత్త సంవత్సరపు ఎర్ర కవరుకి కాగితపు లాంతరు. జత దొరికినవాడు అరుస్తున్నాడు, దొరకనివాడు ఇంకా గట్టిగా అరుస్తున్నాడు. అద్దం ఇవతలికి కూడా వినిపిస్తోంది.

మా పాప ఆ గుంపులో లేదు. గది అవతలి మూల చిన్న బల్ల దగ్గర ఒక్కతే కూర్చుని చెక్క పజిల్ పెడుతోంది. ఆవు, గొర్రె, కోడి. దానికంటే చిన్న పిల్లలు ఆడుకునేది. మొత్తం పెట్టేసి, ముక్కలు ఊడదీసి, మళ్ళీ మొదటినుంచి పెట్టడం మొదలుపెట్టింది. చాప వైపు ఒక్కసారి కూడా చూడలేదు. అది అలక కాదు. అలకైతే ఓరకంట చూస్తుంది. ఇది అలవాటు.

కారెక్కించి బెల్టు పెడుతూ అడిగాను. "అందరూ ఆడుతుంటే నువ్వెందుకు ఆడలేదు తల్లీ?"

"దట్స్ ద హాలిడే గేమ్. ఐ డోంట్ డూ హాలిడేస్."

మా పాపకి తెలుగు మొత్తం అర్థమవుతుంది. జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది.

"ఆడొద్దని ఎవరన్నారు?"

"నోబడీ." నాకు తెలియని సంగతేదో ఓపిగ్గా చెబుతున్నట్టు అంది. "హాలిడేస్ ఆర్ ఫర్ కిడ్స్ హూ హావ్ ఎ మమ్, నాన్నా."

పండగలు అమ్మ ఉన్న పిల్లలకి. ఆ మాటలో ఏడుపు లేదు. గొడుగులు వానాకాలానికి అన్నట్టు చెప్పింది. నేను మా వీధి మలుపు దాటిపోయి, అవతలి రౌండెబౌట్ దాకా వెళ్ళి వెనక్కి తిప్పుకొచ్చాను.

నా భార్య మే నెలలో పోయింది. జబ్బు బయటపడ్డాక ఎక్కువ కాలం లేదు. దాని గురించి ఇక్కడ ఇంతకంటే రాయను. ఆ తరవాత వచ్చి పలకరించినవాళ్ళు చాలా మంచి మాటలు చెప్పారు. ఆ మాటలు ఎంత అందంగా ఉంటే నాకు అంత దూరంగా వినిపించేవి. దుఃఖం గురించి చాలా పుస్తకాలు చదివినవాణ్ణే. అవేవీ పనికిరాలేదని అనను. కానీ పొద్దున్నే లేచి లంచ్ బాక్సులో ద్రాక్షపళ్ళు నిలువుగా కోసి పెట్టడం వాటికంటే ఎక్కువ పనికొచ్చింది.

కర్మకాండలయ్యాక అత్తయ్యగారు, అంటే నా భార్య తల్లి, కాకినాడ నుంచి వచ్చారు. అప్పటినుంచి మా దగ్గరే ఉన్నారు. ఇంట్లో మనిషి పోతే ఏడాదిపాటు ఆ ఇంట్లో పండగలు ఉండవు. గుమ్మానికి తోరణం కట్టరు, పిండివంటలు చెయ్యరు, కొత్త బట్టలు కొనరు. ఆవిడ ఆ నియమం గట్టిగా పాటించారు. వినాయక చవితి మామూలు రోజులాగే వెళ్ళిపోయింది, దసరా వెళ్ళిపోయింది, దీపావళి వెళ్ళిపోయింది. నాకు నమ్మకాలు పెద్దగా లేవు. అయినా అభ్యంతరం చెప్పలేదు. దీపావళి నాడు వీధిలో సగం ఇళ్ళ ముందు దీపాలు పెట్టారు, మా ఇంటి ముందు లేవు. ఏమీ చెయ్యక్కర్లేదని ఎవరో ముందే తేల్చి పెట్టడం నాకు తేలికనిపించింది.

ఆ తేలికకి అవతలి వైపు మా పాప కూర్చుని ఉందని నాకు తెలియదు.

మర్నాడు పొద్దున్న పాపని దింపి టీచరుతో మాట్లాడాను. అరవైకి దగ్గరపడిన మనిషి. నేను అడగ్గానే ఆవిడ మొహం ఎర్రబడింది.

దీపావళికి పిల్లలచేత మట్టి ప్రమిదలు చేయించే ముందు రోజు, పాపని తీసుకెళ్ళడానికి వచ్చిన అమ్మమ్మని ఆవిడ అడిగిందట, మీ ఇంట్లో ఈ పండగ ఎలా చేసుకుంటారు అని. అత్తయ్యగారు తనకొచ్చిన ఇంగ్లీషులో స్పష్టంగా చెప్పారట. "నో ఫెస్టివల్. వన్ ఇయర్. అవర్ హౌస్, నో."

"నాకు అర్థమైంది. అదే వచ్చిన చిక్కు," అంది టీచరు. "మా అమ్మమ్మ గ్రీసు నుంచి వచ్చింది. తాతయ్య పోయాక ఏడాదంతా నల్లబట్టలే. ఇంట్లో రేడియో పెట్టనిచ్చేది కాదు. ఏడాది అనగానే అది ఎలాంటి ఏడాదో నాకు తెలిసిపోయింది. అందుకే ఇంకేమీ అడగలేదు. పండగ సంగతి వచ్చినప్పుడల్లా మీ పాపకి వేరే పని ఇచ్చాను. గౌరవిస్తున్నాననే అనుకున్నాను."

ఆవిణ్ణి ఏమనగలను. తెలియక చేసిన పనైతే తెలియజెప్పి ఊరుకోవచ్చు. ఆవిడ తెలిసే చేసింది. నియమం పెద్దవాళ్ళదని, పిల్లల ఆటకి వర్తించదని చెప్పాను. చెబుతున్నప్పుడు అది నిజమో కాదో నాకే తెలియదు.

"సోమవారం నుంచి అందరితోపాటు కూర్చోబెడతాను," అంది ఆవిడ.

"మీరు కూర్చోమంటే కూర్చుంటుంది. దాని లెక్కలో అది వేరేవాళ్ళ ఆటే," అని, పాప అన్న మాట చెప్పాను.

ఆవిడ లోపలికి వెళ్ళి ఆట ఇంకో సెట్టు తెచ్చింది. జిప్పు సంచిలో ఉంది, వాడి వాడి అంచులు మెత్తబడ్డాయి. ప్రతి కుటుంబం తమ ఇంటి పండగది ఒక జత తయారుచేసి ఇవ్వాలని, మాది ఒక్కటే అడగలేదని చెప్పింది. క్రిస్మస్ సెలవులకి ముందు ఆఖరి గురువారం పెద్దవాళ్ళు కూడా వస్తారు, అందరూ కలిసి ఆడతారు. ఆ తరవాత ఈ పిల్లలు కిండర్ వదిలి బడికి వెళ్ళిపోతారు.

అంటే నాకున్న సమయం అంతవరకే. బడికి వెళ్ళేటప్పుడు మా పాప సంచిలో ఆ మాట ఉండకూడదు. కారు దాకా నడిచేలోపు అది తేల్చుకున్నాను.

సాయంత్రం అత్తయ్యగారు బెండకాయలు తరుగుతున్నారు. నేను ముక్కలు భోజనాల బల్ల మీద పోశాను.

"ఇవేవిటి బాబూ?"

"పాప కిండర్లో ఆడే ఆటండీ. పండగ బొమ్మల జతలు."

ఆవిడ ప్రమిద ఉన్న ముక్క తీసి అటూ ఇటూ తిప్పి చూసి, బల్ల మీద బోర్లా పెట్టారు. "ఇంట్లో వద్దు."

"బొమ్మలేగా అత్తయ్యగారూ. దీపం వెలిగించడం లేదుగా."

"పండగ బొమ్మలేగా. ఆడుకోడానికి ఇన్ని సామాన్లున్నాయి. ఏడాది తిరక్కుండా ఇవే కావాల్సొచ్చాయా?"

"కిండర్లో మీరు టీచరుకి ఏదో చెప్పారట."

"చెప్పాను. అడిగింది, చెప్పాను. అబద్ధం చెప్పలేదే."

అప్పుడు పాప కార్లో అన్న మాట చెప్పాను. ముందు ఇంగ్లీషులో ఎలా అందో అలాగే, తరవాత తెలుగులో. ఆవిడ కత్తి కింద పెట్టారు.

"అట్లా అందా?"

"అంది."

"నేను దానికట్లా చెప్పలేదు."

"మీరు చెప్పారని నేననలేదండీ. ఎవరూ చెప్పలేదు. అమ్మ పోయింది, పండగలు పోయాయి. రెండిటినీ తనే జత కలుపుకుంది."

ఆవిడ చేతులు కడుక్కొచ్చి కుర్చీలో కూర్చున్నారు. నాకు కోపం ఆవిడ మీద కాదు. కానీ ఎదురుగా ఉన్నది ఆవిడే.

"ఇంక ఈ ఏడాది నియమం ఆపేద్దామండీ," అన్నాను. "క్రిస్మస్‌కి చెట్టు పెడతాను. సంక్రాంతికి ముగ్గేద్దాం. పిల్లకంటే ఎక్కువేం కాదు ఈ నియమం."

"మీరు ఆపెయ్యచ్చు," అన్నారు. "ఏడాది మీది. నాది కాదుగా."

"అంటే?"

"పెళ్ళి చేసిచ్చిన కూతురు పోతే తల్లికి మైల మూడు రోజులే బాబూ. నాలుగో రోజు తలంటుకుని గుడికెళ్ళచ్చు. మా ఇంట్లో దసరాకి బూరెలొండారు, మా కోడలు ఫోన్లో చూపించింది. దాని తప్పేం లేదు, పద్ధతదే. నేను కన్నాను, నేను పెంచాను, నాకు మూడు రోజులిచ్చారు. మీ ఇంటికొస్తే ఏడాది దొరికింది. ఇప్పుడది కూడా తీసేస్తే నేనింకేం పట్టుకుని ఉండాలి?"

ఆవిడ ఏడవలేదు. గొంతు కూడా మారలేదు. బెండకాయలు ముందుకి లాక్కుని మళ్ళీ తరగడం మొదలుపెట్టారు.

ఇన్ని నెలలుగా ఆవిడ శాస్త్రం కోసం పట్టుబడుతున్నారని అనుకున్నాను. శాస్త్రం ఆవిణ్ణి ఎప్పుడో వదిలేసింది. ఆవిడే మా ఇంటి నియమం కిందకి వచ్చి నిలబడ్డారు.

ఆ రాత్రి అన్నం తిని, గిన్నెలు డిష్‌వాషర్‌లో పెడుతూ ఆలోచించాను. ఈ ఇద్దరిలో ఎవరిదో ఒకరిది తీసేసి ఇంకొకరికి ఇవ్వాలని ఎక్కడుంది. ఇల్లు ఏడాది ఆగుతుంది. పిల్ల ఆడుతుంది. రెండూ జరగాలి, జరిపించాలి.

మర్నాడు పొద్దున్న కాఫీ దగ్గర అడిగాను. "అత్తయ్యగారూ, గరాజు ఇంటి కిందకి వస్తుందా?"

ఎగతాళికి అడగలేదు. ఆవిడా అలా అనుకోలేదు. కాసేపు నిజంగానే ఆలోచించారు.

"గరాజులో చెప్పులతో తిరుగుతాంగా?"

"తిరుగుతామండీ."

"వంట గానీ పడక గానీ లేదుగా అక్కడ?"

"కారుంటుంది. పాప ట్రైసికిలుంటుంది. లాన్ మోవరుంటుంది."

"అయితే అది ఇల్లు కాదు," అన్నారు. "కారు మాత్రం బయట పెట్టుకోండి. దాని పొగ పిల్లకి పడదు."

కారు డ్రైవ్‌వేలో పెట్టాను. టీవీ కొన్నప్పటి అట్టపెట్టె విప్పి నేల మీద పరిచాను. షట్టరు సగం ఎత్తితే వెలుతురు బాగానే వస్తుంది. ముక్కలు బోర్లా పేర్చి పాపని పిలిచాను.

చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. "దట్స్ ద హాలిడే గేమ్."

"అవును. నేను ఆడతాను. నువ్వు ట్రైసికిల్ తొక్కుకో."

ఒక్కణ్ణే ఆడాను. అది నా చుట్టూ తొక్కుతూ తిరిగింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. ఆఫీసు నుంచి రాగానే బూట్లు కూడా విప్పకుండా గరాజులో నేల మీద కూర్చునేవాణ్ణి. కిండర్లో దాన్ని చాప మీద కూర్చోబెడుతున్నామని, తన వంతు వచ్చినప్పుడు పక్కవాళ్ళకి ఇచ్చేస్తోందని టీచరు చెప్పింది. పోనీ వదిలేద్దామా అనిపించలేదు. నాకు పట్టుదల ఎక్కువని నా భార్య అనేది, మెచ్చుకోలుగా కాదు.

మా ఇంటి జత కూడా తయారుచేశాను. ఉగాది పెట్టాను. ఒక అట్ట మీద పచ్చడి గిన్నె, ఇంకో అట్ట మీద మామిడికాయ. నాకు బొమ్మలు వెయ్యడం రాదు. గిన్నె గిన్నెలాగే ఉంది, మామిడికాయ చెవిలా వచ్చింది. రంగు వేస్తే ఫరవాలేదు. అవి కూడా కలిపి పేర్చి ఆడాను. గిన్నె దొరికింది, తరవాత మామిడికాయ దొరికింది. "ఇదిగో, జత," అనుకుని తీసి పెట్టుకున్నాను.

ట్రైసికిల్ ఆగింది.

"నో."

"ఏం నో?"

"మేంగో ఈజ్ క్రిస్మస్."

"మామిడికాయ ఉగాదికమ్మా. పచ్చట్లో వేస్తాం."

"నో, నాన్నా. మేంగో కమ్స్ ఇన్ ద బాక్స్. అండ్ దెన్ ఇట్స్ క్రిస్మస్." ట్రైసికిల్ దిగొచ్చింది. నా ఒళ్ళోంచి మామిడికాయ తీసి క్రిస్మస్ చెట్టు పక్కన పెట్టింది.

అది చెప్పిందే నిజం. ఇక్కడ కాలాలు మనకి తలకిందులు, పళ్ళు పెట్టెల్లో దిగేది డిసెంబరులో, ఎండలు ముదిరాక. ఉగాదికి ఇక్కడ చెట్లు ఆకులు రాలుస్తాయి, మామిడికాయ ఇండియన్ షాపు ఫ్రీజర్‌లోంచి గడ్డకట్టి వస్తుంది. నేను ఇరవై ఏళ్ళుగా ఈ దేశంలో ఉండి కాకినాడ ఎండాకాలం బొమ్మ వేశాను. అది పుట్టినప్పటినుంచీ చూసింది చూసినట్టు చెప్పింది.

"అయితే నా జత తప్పు," అన్నాను.

"ఎస్."

ఆ రోజు నుంచి కూర్చుని ఆడటం మొదలుపెట్టింది. కానీ గెలిచిన జతలన్నీ నా వైపు తోసేసేది. "యూ కీప్ ఇట్," అనేది. పజిల్ మీద ఉన్న శ్రద్ధే ఆట మీదా ఉంది. దాచుకోవడం మాత్రం లేదు.

"మరి మన ఇంటి జత ఏది పెడదాం?" అని ఓ రోజు అడిగాను.

"వీ డోంట్ హావ్ వన్," అంది. ముక్కలు పేరుస్తూనే ఉంది. తరవాత కాసేపటికి, నా వైపు చూడకుండా అంది. "ద లీవ్స్."

"ఏ ఆకులు?"

"గణేశా లీవ్స్. అమ్మా అండ్ మీ గాట్ లీవ్స్ ఫ్రమ్ ఎవ్రీబడీస్ హౌస్."

వినాయక చవితికి దేవుడికి రకరకాల ఆకులతో పూజ చేస్తాం. పత్రి అంటాం. పోయినేడు చవితినాటికి జబ్బు ఇంకా బయటపడలేదు. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి పళ్ళెం నిండా ఆకులున్నాయి. ఎక్కడివని అడగలేదు. కొన్నదేమో అనుకున్నాను. మారేడు, రేగు, మాచీపత్రం పాయింట్ కుక్‌లో ఎక్కడ దొరుకుతాయి. నా భార్య పాపని తీసుకుని వీధిలో ఇంటింటికీ వెళ్ళి తలుపు కొట్టి, ప్రతి తోటలోంచీ ఒక్కో రకం అడిగి తెచ్చిందన్నమాట. గమ్ చెట్టు, అంటే యూకలిప్టస్ ఆకు, బాటిల్‌బ్రష్ ఆకు, నిమ్మాకు. ఇదంతా పాప ముక్కలు పేరుస్తూ చెప్పింది. ఒక ఇంట్లో కుక్క దాని సాక్సు నాకిందట.

"మనమూ వెళ్ళి తెద్దామా?"

దాని చెయ్యి ఆగింది. "బట్ అమ్మమ్మ సెడ్ నో ఫెస్టివల్."

"ఈ ఏడాది పెద్దవాళ్ళం ఆగాం. నేను, అమ్మమ్మ. అమ్మ కోసం ఆగాం. పండగలు ఎక్కడికీ పోలేదు. వచ్చే ఏడాది మళ్ళీ మనింట్లో చేస్తాం. పిల్లలు ఆగక్కర్లేదు."

"ఇఫ్ ఐ డోంట్ స్టాప్, విల్ అమ్మా బీ సాడ్?"

ఇదా ఇన్నాళ్ళూ దాచుకున్నది. తను ఆగకపోతే అమ్మకి బాధ. అక్కడ కూర్చుని ఏదైనా గొప్ప మాట చెప్పి ఉండచ్చు. అమ్మ పైనుంచి చూస్తోందని, నవ్వుతోందని. నాకు తెలియని విషయం నేను చెప్పలేను.

"లేదు," అన్నాను. "అమ్మకి నువ్వు ఆడటం ఇష్టం. అది నాకు తెలుసు. నేను చూశాను."

అది ఆలోచించింది. "ఓకే," అంది. తరవాత చెప్పులు వెతుక్కోడానికి వెళ్ళింది.

అత్తయ్యగారికి చెప్పాను. పూజ లేదు, ఆకులు కోస్తాం, అంతే అన్నాను. "కోసింది ఇంట్లోకి తేకండి, తిన్నగా గరాజులోకే," అన్నారు. అని, తనూ శాలువా కప్పుకుని బయల్దేరారు. డిసెంబరు ఎండలో శాలువా ఎందుకని అడగలేదు.

మూలింటి ముసలాయన గొట్టంతో లాన్ తడుపుతున్నాడు. మమ్మల్ని చూసి నీళ్ళు కట్టేశాడు. "పాపాయీ, మళ్ళీ వచ్చావా! పోయినేడు మీ మమ్, నువ్వూ కలిసి నా నిమ్మచెట్టు సగం బోడి చేసి పోయారు." ఇంగ్లీషులోనే అన్నాడు, నవ్వుతూ. తరవాత గుర్తొచ్చి నవ్వు ఆపేశాడు.

పాప మాత్రం నవ్వింది. "వీ టుక్ ఓన్లీ త్రీ!"

"మూడే? ముప్ఫై తీసుకున్నట్టుంది నాకు."

"త్రీ!"

"ఏవంటున్నాడు?" అని అత్తయ్యగారు నన్నడిగారు. చెప్పాను. ఆవిడ నిమ్మచెట్టు దగ్గరికి వెళ్ళి కొమ్మ వంచి చూశారు. అక్కడ తన కూతురు నిలబడిన సంగతి ఆవిడా అప్పుడే విన్నారు. "చెట్టు బాగానే కాసింది. బోడి అయ్యిందీ లేదు, ఏవీ లేదు. ఉత్త కోతలు," అన్నారు. అని, తన చేత్తోనే ఒక ఆకు తుంచి పాపకిచ్చారు.

గమ్ ఆకు వీధి చివర పార్కులో దొరికింది. అది అట్టకి సరిగ్గా సరిపోయింది. పైన వెడల్పు టేపు అతికించాం. రెండో అట్ట మీద వినాయకుణ్ణి పాపే గీసింది. తొండం బదులు కుళాయి వచ్చింది. నా మామిడికాయకంటే నయం.

ఆఖరి గురువారం సెలవు పెట్టాను. అత్తయ్యగారు వస్తానంటే ఆశ్చర్యపోయాను.

"అది బడి. ఇల్లు కాదుగా," అన్నారు.

కిండర్ నిండా తల్లిదండ్రులు, తాతయ్యలు, అమ్మమ్మలు. అందరూ పిల్లల కుర్చీల్లో మోకాళ్ళు గడ్డాలకి తగిలేలా కూర్చున్నారు. చాపల మీద అన్ని ఇళ్ళ జతలూ కలిపి బోర్లా పరిచారు. గుంపులు చేశారు, గుంపుకో చాప. మా గుంపులో మా పాప, ఇంకో ఇద్దరు పిల్లలు, వాళ్ళలో ఒకడి నాన్న, అత్తయ్యగారు. నేను వెనక నిలబడ్డాను. ఆట ఎలాగో టీచరు ఇంగ్లీషులో చెప్పింది. నేను తెలుగులో చెప్పబోతే అత్తయ్యగారు చెయ్యి అడ్డంపెట్టారు. "అర్థమైంది."

మొదటి రెండు వంతులు ఆవిడ ఏమీ గెలవలేదు. ఊరికే చూశారు. మూడో వంతులో నెలవంక తిప్పారు, చెయ్యి చాచి అటు చివర ఖర్జూరాలు తిప్పారు. తరవాతి వంతులో గుడ్డు, కుందేలు. ఆ తరవాత లాంతరు, కవరు. నిదానంగా, ఎక్కడా తడుముకోకుండా. పెళ్ళికి ముందు నా భార్య ఓసారి నవ్వుతూ చెప్పింది, వాళ్ళింట్లో రమ్మీ ఆడితే అమ్మ ముందు ఎవరూ నిలవరని. నేనప్పుడు నమ్మలేదు.

"అత్తయ్యగారూ," అని వంగి మెల్లిగా అన్నాను, "చిన్నపిల్లలండీ."

"చిన్నపిల్లలైతే? ఆటలో చిన్నా పెద్దా ఏవిటి?" అని, ప్రమిద తిప్పారు. ముగ్గు కూడా తిప్పారు.

పక్కపిల్లాడి నాన్న నవ్వుతున్నాడు. పిల్లాడు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. మా పాప వంతొచ్చింది. క్రిస్మస్ చెట్టు తిప్పింది. నక్షత్రం ఎక్కడుందో దానికి తెలుసు, వేలు అటే వెళ్ళింది, కానీ తొందరలో పక్కది తిప్పింది. ఎవరింటి పండగదో కొవ్వొత్తి వచ్చింది. తరవాతి వంతు అమ్మమ్మది. అమ్మమ్మ చెట్టు తిప్పారు, నక్షత్రం తిప్పారు, రెండూ తీసుకుని తన ముందున్న దొంతర మీద పెట్టుకున్నారు.

మా పాప మొహం కందిపోయింది. లేచి నిలబడింది.

"అమ్మమ్మ ఈజ్ టేకింగ్ ఆల్ ద హాలిడేస్!"

గది మొత్తం వినిపించింది. టీచరు తిరిగి చూసింది. ఆవిడ చెయ్యి నోటి దగ్గరికి వెళ్ళింది.

"దోజ్ ఆర్ మై హాలిడేస్ టూ!" అని అరిచింది మా పాప. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, ముక్కులోంచి కూడా. ఇన్ని నెలల్లో అది ఏడవగా చూశాను. ఆట ఓడిపోయి ఏడవడం ఇదే మొదలు. నేను ఒక అడుగు ముందుకు వేసి, ఆగాను.

అత్తయ్యగారు దాన్ని దగ్గరికి లాక్కోలేదు. ముక్కలు తిరిగి ఇవ్వలేదు. ఆవిడ కళ్ళు కూడా మామూలుగా లేవు, కానీ గొంతు పేకముక్కలు పంచేవాళ్ళ గొంతే.

"నీవే. ఎవరు కాదన్నారు? నీవైతే నువ్వు గెలుచుకోవాలి. ఏడిస్తే వస్తాయా?"

"వస్తాయి!" అంది పాప, తెలుగులో.

"రావు. ముక్కు తుడుచుకో. కూర్చో. చూసి ఆడు."

అది గౌను అంచుతో ముక్కు తుడుచుకుంది. చాప మీద మోకాళ్ళేసి, ఇంకా మిగిలిన ముక్కల మీదికి వంగింది. పక్కపిల్లాడు తన వంతని చెయ్యి పెట్టబోతే తోసేసింది. రెండు ముక్కలు తిప్పింది. కుదరలేదు. బోర్లించి, అవి ఎక్కడ పెట్టిందో పెదాలు కదుపుతూ గుర్తుపెట్టుకుంది. మళ్ళీ వంతొచ్చాక ఒక జత గెలిచింది. ఏ పండగో నాకు వెనకనుంచి కనిపించలేదు. ఎవరికీ ఇవ్వలేదు. రెండు ముక్కలూ మోకాలి కింద పెట్టి నొక్కి పట్టుకుంది.